వద్దన్నా వచ్చారు

కుండలో గింజ లేదు. అయినా దాన్ని నెత్తికెత్తుకుంది. ఇంట్లో మిగిలింది అదొక్కటే. వెనక ఇద్దరు ఆడపిల్లలు. ముందు మొగుడు, భుజాన పార. పల్లె దాటుతుంటే ఎటు పోతున్నారని ఎవరూ అడగలేదు. అడిగేందుకు పల్లెలో మనుషులు లేరు. సగం గుడిసెలకి తడికెలు బిగించి ఉన్నాయి. మిగతా సగానికి తడికెలే లేవు. ఆకూ దుంపా ఉడకేసుకోవడానికి అవి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి.

1877 ఎండాకాలం. ఒంగోలుకి పడమరనున్న మెట్ట. ముందటేడు తొలకరి పడలేదు. కార్తీకంలో రావాల్సిన వానా రాలేదు. జనం నోట్లో దాని పేరు ధాత కరువు. చెరువు అడుగున నెర్రెల్లో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా దిగేది. ముందు బలుసాకు అయిపోయింది. తర్వాత నాగజెముడు పళ్లు. ఆ తర్వాత చింతగింజలు వేయించి దంచుకున్న పిండి. గొడ్లు వరసగా పడిపోయాయి. గొడ్డు లేకపోతే తోలు లేదు, తోలు లేకపోతే మాదిగపల్లెకి పనే లేదు. బావిలో నీళ్లే లేనప్పుడు మోటకి తోలు బాన కుట్టించుకునేవాడెవడు?

ఒక్క కబురు మాత్రం చెవిన పడింది. తూర్పున సముద్రం దగ్గర కాలవ తవ్వుతున్నారట, ఒంగోలు దొర అక్కడ కంట్రాక్టు పట్టాడట, మేస్త్రీలంతా మన పల్లెల్లో తిరిగే బోధకులేనట, తవ్విన మట్టి కొలిచి డబ్బులు చేతిలో పెడుతున్నారట, కూలిలో కోత లేదట, తన్నులూ తిట్లూ లేవట అని ఎవరో ఎవరితోనో అన్న మాట ఊరూరూ దాటి వచ్చింది, దాన్ని నమ్ముకునే ఆ నలుగురూ, వాళ్లలాంటి వేలమందీ కాళ్లు బొబ్బలెక్కుతున్నా ఎండలో తూర్పు దారి పట్టారు.

రెండో రోజు మధ్యాహ్నం చిన్నది నడవనంది. దారి మధ్యలో కూలబడింది.

*

అదే ఏడాది జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. విక్టోరియా రాణిని హిందూదేశపు చక్రవర్తినిగా చాటారు. ఏనుగులు, అంబారీలు, రాజులు, విందులు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో అడుగుపెట్టాడు. ఖర్చు తగ్గించమని వైస్రాయ్ లిట్టన్ ఆదేశం. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని టెంపుల్ తేల్చాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. ఎండలో మట్టి తవ్వేవాడి ఒళ్లు దీనితో నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా అడ్డం తిరిగాడు. ఈ వాదులాట నడుస్తున్నంతసేపూ దేశంలోని రేవుల నుంచి ధాన్యం ఓడలకెక్కి సీమకి వెళ్తూనే ఉంది.

ఒంగోలు మిషన్ బంగళా గేటు ముందు తెల్లారకముందే జనం. నేల మీద పడుకుని కొందరు, గోడకి చేరగిలబడి కొందరు. కొందరు లేవలేదు.

ఆ బంగళాలో ఉండే మిషనరీ జాన్ క్లౌకి నలభై ఏళ్లు. అమెరికా నుంచి వచ్చి పన్నెండేళ్లయింది. చేతిలో ఉన్న డబ్బంతా పంచితే ఎన్నాళ్లొస్తుందో ఆయనకి తెలుసు. పని చూపించాలి. సర్కారు పనులకి పంపిస్తే తన మనుషులు ఏడుస్తూ తిరిగొస్తున్నారు. అక్కడ మేస్త్రీ కొలతలో మోసం, కూలిలో వాటా, అంటరానివాడని గెంటివేత. ఇంకేం దారి?

దారి కాలవే చూపించింది. కృష్ణ నీళ్ల నుంచి మద్రాసు దాకా పడవలు నడిచేలా తీరం వెంట కాలవ తవ్విస్తోంది సర్కారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరే దానికి నిలిచింది. క్లౌకి మతబోధకుడు కాకముందే ఇంకో విద్య వచ్చు. కుర్రతనంలో సర్వే పార్టీతో తిరుగుతూ గొలుసు పట్టి భూములు కొలిచాడు. అడవుల్లో నేర్చిన ఆ లెక్కలు ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ పనికొచ్చాయి. ఇంజనీర్లతో మాట్లాడాడు. మూడున్నర మైళ్ల కాలవ తవ్వకం తన పేరున కంట్రాక్టు రాయించుకున్నాడు.

దొర కంట్రాక్టరయ్యాడు. ఇక రావాల్సింది తవ్వేవాళ్లు.

వాళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డారు.

*

రాజుపాలెం క్యాంపు. తాటాకు పాకలు వరసలు వరసలుగా లేచాయి. మంచినీళ్ల కోసం గుంటలు తవ్వారు. తెల్లవారుజామున సముద్రం మీంచి ఉప్పు గాలి. పొద్దెక్కేసరికి కాళ్ల కింద ఇసక కాలిపోయేది. సుమారు ముప్ఫైమంది బోధకులు కొలతబద్దలు పట్టుకున్నారు. ఒక్కొక్కరి కింద నూరుమంది దాకా. మగాళ్లు గడ్డపారతో పెళ్లగించడం, ఆడవాళ్లు తట్టలకెత్తి గట్టున పోయడం. తట్ట కింద తలకి చుట్టకుదురు కావాలి. చిరిగిన కొంగులో సగం చుట్టకుదురుకి పోతే మిగిలిన సగంతో ఒళ్లు కప్పుకోవాలి.

మొదటి రోజుల్లో చాలామంది తవ్వలేకపోయారు. ఒంట్లో సత్తువ ఉంటే కదా! పార ఎత్తిన చెయ్యి వణికేది. చేతుల్లో బొబ్బలు లేచేవి, పగిలేవి, మళ్లీ లేచేవి. గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ పార పట్టేవాళ్లు. సాయంత్రం డబ్బులు. డబ్బులుంటే గింజలు. గింజలుంటే పొయ్యి మీద కుండ.

పడమటి నుంచి వచ్చిన ఆ తల్లి కుండలో గంజి ఉడికింది. చిన్నది తాగింది. తండ్రి భుజాల మీద ఎక్కి వచ్చిన పిల్ల రెండు రోజులకి లేచి కూర్చుంది.

మధ్యాహ్నం పని ఆగేది. తవ్విన గట్టు నీడలో కూలబడేవాళ్లు. ఆ కాసేపట్లో బోధకుడు వాళ్ల మధ్యకొచ్చి కూర్చునేవాడు. ఆయన దొర కాదు. పక్క పల్లెవాడు. చెప్పులు కుట్టిన చేతులు, అదే యాస, అదే కులం, ఊరి బావి దగ్గర అవే అవమానాలు. అలాంటివాడు చెప్పేవాడు. భారం మోసి అలిసిపోయినవాళ్లందరినీ తన దగ్గరికి రమ్మన్నాడట ఒకాయన. విశ్రాంతి ఇస్తానన్నాడట. మత్తయి సువార్త 11వ అధ్యాయంలోది ఆ మాట. ఆ క్యాంపులో బోధకులు అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది దాన్నే. నెత్తిన తట్ట మోసేవాడికి భారం అంటే ఏమిటో వివరించక్కర్లేదు. మళ్లీ చెప్పమని అడిగేవాళ్లు. మళ్లీ చెప్పేవాడు.

‘‘ఎవురయ్యా ఆయన? మనల్ని గూడా రమ్మన్నాడా?’’

‘‘మనల్నే రమ్మన్నాడు.’’

అలా నెలలు గడిచాయి. కాలవ లోతయింది. గట్టు ఎత్తయింది. అప్పుడు కలరా వచ్చింది.

*

కరువు వెనకే అదీ వస్తుంది. రాత్రి బాగున్న మనిషి పొద్దుటికి కళ్లు గుంటలుపడి కనిపిస్తాడు. మధ్యాహ్నానికి గొంతు పెగలదు. పాకల వరసల్లో మూలుగులు లేచాయి. భయంతో కొందరు రాత్రికి రాత్రే మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లలో కొందరు దారిలోనే పోయారు. ఉన్నవాళ్లు పొద్దున్నే రెండు పనులకి పారలు పట్టారు. ఒకటి కాలవకి, ఒకటి గోతికి.

చిన్నది మూడో జామున పోయింది.

ఆ తల్లి పేరు అప్పటికి ఏ కాగితంలోనూ లేదు. కరువు మీద రాసిపెట్టిన లెక్కల్లో ఆమె ఒక అంకె కూడా కాదు. అలాంటి తల్లులు ఒకరు కాదు, ఆ గట్టు పొడుగునా ఉన్నారు. బోధకుడు వచ్చేసరికి బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

‘‘ఇది ఏం పాపం చేసిందయ్యా? నన్ను తీసకపోకూడదా?’’

చెప్పడానికి పాత జవాబులు చాలానే ఉన్నాయి. కర్మ అనొచ్చు. పోయిన జన్మ అనొచ్చు. అమ్మోరి కోపం అనొచ్చు. పల్లెలు తరతరాలుగా విన్నవి అవే, ‘మీ రాత ఇంతే’ అని ఊరి పెద్దలు చెప్పిందీ అదే. బోధకుడు అవేవీ అనలేదు. దేవుడికి దీంట్లో ఏదో ఉద్దేశం ఉంది తల్లీ అని కూడా అనలేదు. తన సొంత ఇంట్లోనూ కరువు ఉంది. పక్కన కూర్చున్నాడు. యేసుని కూడా ఊరి బయటే చంపారమ్మా, ఆయన తల్లి కూడా చూస్తూ నిలబడింది అని మాత్రం చెప్పాడు. తర్వాత లేచి, పార అందుకుని, చిన్నదానికి తనే గొయ్యి తవ్వాడు.

అంటుకుని చస్తావని అందరూ దూరం జరిగిన శవాన్ని ఒక మనిషి ముట్టుకున్నాడు. ఆ క్యాంపులో సువార్త అంటే ముందుగా అది.

వారం తిరక్కుండానే ఆ మొగుడూ పెళ్లాం బోధకుడి పాక ముందు నిలబడ్డారు. బాప్తిస్మం కావాలన్నారు. వాళ్లిద్దరే కాదు. వెనక వరస ఉంది. ఆ వరస దొర గుడారం దాకా సాగింది.

దొర కుదరదన్నాడు.

*

ఈ మాట అనడానికి ఆయన ఎంత నలిగిపోయుంటాడో తెలియాలంటే పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి.

1866. కనిగిరి దిక్కున తలకొండపాడు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ల వ్యాపారం. మనసుకి శాంతి లేదు. గురువుల వెంట తిరిగాడు, యోగం పట్టాడు, ధ్యానం చేశాడు. వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు ఏలూరు మిషనరీ నోట యేసు కథ విన్నాడు. ఇక ఆగలేకపోయాడు. ఒంగోలు నడిచొచ్చాడు. నెల్లూరు మిషనరీ జ్యూయెట్ చేతుల మీదుగా ఆయనా భార్యా బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సెప్టెంబరులో క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైంది. ఎనిమిదిమంది. కొద్దిరోజులకే పేరయ్య పిలుపు మీద క్లౌ తలకొండపాడు వెళ్తే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం సద్దిమూటలతో వచ్చి కాచుకుని ఉన్నారు. అక్కడ 28 మంది నీళ్లలోకి దిగారు.

చిక్కు అక్కడే మొదలైంది. ఒంగోలులో పైకులాలవాళ్లు కొందరు యేసు మాట ఇష్టంగా వింటున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం గడప తొక్కం అన్నారు. ఊరి పెద్దలు వస్తే ఊరంతా వస్తుంది కదా! క్లౌ ఆలోచనలో పడ్డాడు. ఆ రాత్రి ఒక గదిలో ఆయన బైబిలు తెరిచాడు. ఇంకో గదిలో భార్య హారియెట్ తెరిచింది. ఒకరు చదివేది ఒకరికి తెలియదు. ఇద్దరి కళ్లూ ఒకే చోట పడ్డాయి. కొరింథీయులకి పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం నీచమని తోసేసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇక మాట్లాడుకోవడానికేమీ మిగల్లేదు.

మాదిగలు వచ్చారు. పెద్దకులాలు వెళ్లిపోయాయి.

వచ్చినవాళ్లకి క్లౌ పెట్టిన కట్టడి మూడే మూడు. విగ్రహాలకి మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చేయకూడదు. వినడానికి తేలికగా ఉంటాయి. పల్లెలో వాటికి ఖరీదు వేరు. జాతరలో డప్పు కొట్టనంటే కరణానికి కోపం. చచ్చిన గొడ్డు ముట్టనంటే ఊరికి అనుమానం. ఆదివారం వెట్టికి రానంటే మునసబు మనిషి కర్ర పట్టుకుని గుడిసె ముందుకొస్తాడు. మంచినీళ్లు బంద్, పొలంలో పని బంద్, దొంగతనం కేసు ఒకటి మీద పడుతుంది. పదేళ్లుగా ఆ దెబ్బలన్నీ తిని నిలబడ్డ సంఘం అది. మూడువేల పైచిలుకు మనుషులు.

ఇప్పుడు కరువులో, కూలి ఇచ్చే చెయ్యి తనదే అయినప్పుడు, వేలమంది ఒక్కసారిగా వచ్చి ముంచమంటే?

బువ్వ కోసం కలిశారంటారు. లోకం అనడం ఒక్కటే కాదు, నిజంగానే కొందరు అందుకే వస్తారేమో. గింజలు దొరికాక వెళ్లిపోతే దెబ్బలు తిని నిలబడ్డవాళ్ల పరువు కూడా పోతుంది. క్లౌ తలుపు వేసేశాడు. కూలి ఇస్తాను, గంజి పోస్తాను, మందు ఇస్తాను. బాప్తిస్మం మాత్రం ఇవ్వను. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు. పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు.

కొందరు అడుగుతూనే పోయారు. కలరాతో పోయేవాళ్లు పోతూ అడిగారు.

*

1877 చివరి వానలతో నేల తడిసింది. కరువు ఒక్కరోజులో పోలేదు. లండన్ మాన్షన్ హౌస్ నిధి నుంచి వచ్చిన డబ్బుతో విత్తనాలు పంచారు. మూడున్నర మైళ్లూ తవ్వడం పూర్తయింది. పాకలు ఊడదీశారు. జనం ఎవరి పల్లెలకి వాళ్లు వెళ్లారు. వెళ్లినవాళ్లు తక్కువ, వచ్చినవాళ్లు ఎక్కువ. దక్షిణాదిన ఆ రెండేళ్లలో పోయినవాళ్లు యాభై లక్షలకి తగ్గరని అంచనా.

1878 జూన్ ఆఖరు. క్లౌ బోధకులకి కబురు పెట్టాడు. ఒంగోలుకి ఉత్తరాన పది మైళ్లు, ట్రంకురోడ్డు పక్కన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుద్దాం. మీరు మాత్రమే రండి. కొత్తవాళ్లని తీసుకురావద్దు.

ఆయన వెల్లంపల్లి చేరేసరికి చింతతోపు నిండిపోయి ఉంది.

చెట్టు చెట్టుకీ ఒక పల్లె. మూటలు, పిల్లలు, పొయ్యిరాళ్లు. బోధకులు తల వంచుకుని నిలబడ్డారు. వద్దని చెప్పాం దొరా, వినలేదు. క్లౌ ఒక గోడ ఎక్కాడు. అందరి మొహాలూ కనబడాలని. ఎముకలు తేలిన మొహాలు. ఎందుకొచ్చారని అడిగాడు. నా దగ్గర ఇక డబ్బు లేదు, పని లేదు, ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్లకి వెళ్లండి అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

వాళ్లు ఏమన్నారో క్లౌ తర్వాత రాసి పెట్టాడు. మాకు సాయం వద్దన్నారు. కష్టపడి బతికామని, ఇకముందూ అలాగే బతుకుతామని చెబుతూ సాక్ష్యంగా చేతులు చూపించారు. కాలవ తవ్విన బొబ్బల గుర్తులు ఇంకా పోలేదు. మళ్లీ పంట పోతే చచ్చిపోతాం, చస్తే క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వమన్నారు.

కిందనుంచి పైకి లేచిన అరచేతులు. వందలు. అందులో ఒక జత పడమటి నుంచి ఖాళీ కుండతో వచ్చిన మనిషివి. ఆమె ఇప్పుడు అడిగేది గంజి కాదు. పోయిన బిడ్డ తిరిగి రాదని ఆమెకి తెలుసు. ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలియదు. తన ఏడుపు మధ్యకి దిగివచ్చి కూర్చున్నవాడు ఒకడున్నాడని తెలుసు. అతని మనిషిగా పిలిపించుకోవాలి. అంతే.

క్లౌ గోడ దిగాడు. బోధకులతో పక్కకెళ్లి కూర్చున్నాడు. వీళ్లు వచ్చింది అన్నం కోసమా అంటే, అన్నం అయిపోయాక వచ్చారు. ఇక ఏ మొహంతో కాదనాలి?

పల్లెపల్లెనీ విడివిడిగా కూర్చోబెట్టారు. ఏ పల్లె బోధకుడు ఆ పల్లెవాళ్లని ఒక్కొక్కరినీ విచారించాడు. పేర్లు రాసుకున్నారు. కాగితాలు నిండుతున్నాయి.

జులై 2న 614 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మర్నాటికి తోపు ఖాళీ అవుతుందనుకున్నారు. అవలేదు.

*

జులై 3, బుధవారం. ఉదయం ఆరు గంటలు. గుండ్లకమ్మ ఒడ్డున ఇసక ఇంకా చల్లగానే ఉంది. ఇద్దరు బోధకులు నీళ్లలోకి దిగి నిలబడ్డారు. ఒడ్డున పేర్లు చదివేవాళ్లు. పేరు వినబడగానే ఒకరు ముందుకి. పుట్టాక ఊళ్లో ఎవరూ మర్యాదగా పలకని పేర్లు అవి. ‘ఒరే’ అనో ‘ఏమే’ అనో తప్ప పిలుపు ఎరగని మనుషులు తమ పేరు నది ఒడ్డున గట్టిగా చదవడం విన్నారు.

ఒకరు మునిగి లేస్తున్నారు. రెండోవారు మునుగుతున్నారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు మీద మాట పూర్తవుతుంది, నీళ్లు చిమ్ముతాయి, తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ లేచిన మనిషి ఊపిరి తీసుకునేలోపు ఇంకో పేరు. చేతులు పడిపోతే ఆ ఇద్దరూ గట్టెక్కారు, మరో ఇద్దరు దిగారు. మొత్తం ఆరుగురు బోధకులు. అందరూ తెలుగువాళ్లే. క్లౌ ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఒడ్డునే ఉన్నాడు.

పదకొండు గంటలకి ఎండ నెత్తికెక్కింది. ఆపారు.

చెట్ల కింద జిలుగు నీడలో వరస కూర్చుంది. అక్కడికి పది మైళ్ల దూరంలో ఒంగోలు పక్కన ఒక కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసుల్ని వెంటబెట్టుకుని దాన్నెక్కారు. మొత్తం ఐదుగురు. ఆ రోజుల్లో తెలుగు మిషన్‌ని ఎత్తేద్దామని అమెరికాలో పెద్దలు వాదించుకుంటున్నారు. ఏళ్లు గడిచినా ఫలితం లేదని. ఆ ఐదుగురూ కొండమీద మోకాళ్లూని, కింద కనబడుతున్న ఒంగోలుకి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. మనిషి రావడానికే పన్నెండేళ్లు పట్టింది. ఆ కొండని ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పిలుస్తారు.

రెండు గంటలకి మళ్లీ పేర్లు.

మధ్యాహ్నం పడమటి పల్లెల వంతు వచ్చింది. మొగుడు ముందు దిగాడు. తర్వాత ఆమె. పెద్దపిల్ల ఒడ్డున కుండ పట్టుకుని చూస్తోంది. నీళ్లలో మునిగింది. లేచింది. మొహం మీంచి నీళ్లు కారుతున్నాయి. రాజుపాలెంలో బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. గట్టునున్న ఆడవాళ్లు చెయ్యందించి పైకి లాగారు, ఎవరో పొడి కొంగు కప్పారు, ఎవరో పాట ఎత్తుకున్నారు, నలుగురూ అందుకున్నారు. కరువు పోయిందని ఎవరూ చెప్పలేదు. చాకిరీ పోయిందనీ చెప్పలేదు. ఆ సంతోషానికి అవేవీ అడ్డం రాలేదు.

పొద్దు వాలేసరికి లెక్క చూశారు. 2,222.

మర్నాడు ఇంకో 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ డిసెంబరు 31 నాటికి 9,606. మిషన్ పెద్దలు అమెరికాలో ఆ అంకెల్ని నమ్మడానికి తటపటాయించారు. కరువు బియ్యానికి కొనుక్కున్న మనుషులని కొందరు రాశారు. పదిహేను నెలల మాట వాళ్లకి తెలియదు.

ఆ మాటలేవీ ఈ పల్లెల దాకా రాలేదు. ఇక్కడ ఇంకో పరీక్ష కాచుకుని ఉంది.

*

విత్తనాల అదను. తడి ఆరకముందే గొర్రు తోలాలి. అదను తప్పితే ఏడాది తప్పుతుంది, కరువు చూసినవాడికి అది ఇంకా బాగా తెలుసు. ఆదివారం పొద్దున్నే పెద్దరైతు కబురు పంపాడు. చేలోకి రమ్మన్నాడు.

జీతగాడు గూడెం బయటే నిలబడి కేకేశాడు. ఆ తల్లి గుడిసెలోంచి బయటికొచ్చింది.

‘‘పనికి రామని కాదన్నా. ఇయ్యాల ఆదివారం. రేపు కోడి కుయ్యకముందే చేలో ఉంటామని చెప్పు.’’

‘‘ఇయ్యాల రాకపోతే రేపూ రావొద్దంటాడు ఆయన.’’

‘‘చెప్పు. రేపు వస్తాం.’’

సోమవారం చీకటితోనే ఇద్దరూ పారలు పట్టుకుని చేను గట్టున నిలబడ్డారు. కొన్ని ఊళ్లలో రైతు గొణుక్కుంటూనే పనిలోకి దిగమన్నాడు, అదనులో చేతులు కావాలి కాబట్టి. కొన్ని ఊళ్లలో పొమ్మన్నాడు, పొమ్మనడంతో ఆగక మంచినీళ్ల బావి దగ్గరికి కూడా రానివ్వలేదు. అక్కడివాళ్లు వాగులో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లు తాగారు. వచ్చే ఆదివారం కూడా పనికి వెళ్లలేదు.